గ్యాసే అనుకున్నాం

(బిలాస్‌పూర్‌లో మన తెలుగు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

ఎంబీఏ చదివినవాడు క్యాన్సర్ గురించి ఏం చెబుతాడని మీరు అనుకోవచ్చు. కొడుకుగా చెబుతాను.

మా నాన్నగారు ఇక్కడే రైల్వేలో ఇంజన్ డ్రైవర్‌గా రిటైరయ్యారు. రెండేళ్ల క్రితం నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయిందనేవారు. గ్యాసేనని ఏడు నెలలు నేనే మాత్రలు తెచ్చిచ్చాను. ప్యాంటు జారుతుంటే బెల్టుకి కొత్త చిల్లు పెట్టించాను. చివరికి ఎండోస్కోపీలో జీర్ణాశయ క్యాన్సర్ అని తేలింది.

బంధువులున్నారని కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వెళ్లాం. ముందు కీమో, తర్వాత రోబోతో ఆపరేషన్ అన్నారు. "అది తనంతట తనే కోసేస్తుందా బాబూ?" అని నాన్నగారు అడిగారు. సర్జన్ నవ్వారు. తాను ఓ పక్క కన్సోల్ దగ్గర కూర్చుంటానని, పొట్ట మీది చిన్న రంధ్రాల్లోంచి వెళ్లిన పరికరాలు తన వేళ్లు ఎలా కదిలితే అలాగే కదులుతాయని చెప్పారు. లోపలి భాగం పెద్దదిగా, లోతుతో సహా కనిపిస్తుందట. కన్సోల్‌ నుంచి తల పక్కకు తీస్తే పరికరాలు ఆగిపోతాయట.

"మా ఇంజన్లో విజిలెన్స్ బటన్ లాంటిదే!" అన్నారు నాన్నగారు. డ్రైవర్ స్పందించకపోతే బ్రేకులు వేసేది అదే. అప్పటికి ఆయన భయం సగం తగ్గింది.

నాది తగ్గలేదు. రోబోతో చేసినా, మామూలు ల్యాప్రోస్కోపీతో చేసినా తీయాల్సింది ఒకటే: జబ్బున్న భాగం, చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు. రోబోకు సమయం, ఖర్చు ఎక్కువ. 1881లో వియన్నాలో బిల్‌రోత్ ఈ క్యాన్సర్‌కి తొలిసారి విజయవంతంగా ఆపరేషన్ చేశారు. గాయం మానినా, జబ్బు అప్పటికే పాకినందున ఆమె నాలుగు నెలలకే పోయింది. అది చదివిన రాత్రి నాకు నా ఏడు నెలలే గుర్తొచ్చాయి.

ఇక డబ్బు సంగతి. పాలసీల్లో రోబోటిక్ సర్జరీని మినహాయించకూడదని ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కానీ పరిమితి పెట్టుకోవచ్చు. నాన్నగారికి నేను విడిగా తీసుకున్న పాలసీలో అలాంటి పరిమితే ఉంది. రోజూ ఇతరుల లోన్ పత్రాల్లో చిన్న అక్షరాలు వెతికే నేను, ఆ పేజీని క్యాష్ కౌంటర్ దగ్గరే మొదటిసారి చదివాను! మిగతాది నా ఎఫ్‌డీ తీసి కట్టాను. మీరు ఇవాళే ఇంటికెళ్లి ఆ పేజీ తీయండి.

సర్జన్‌ని మాత్రం ఒకటి అడిగాను: "ఇలాంటివి మీరు ఎన్ని చేశారు?" ఆయన నొచ్చుకోకుండా లెక్క చెప్పారు.

నాన్నగారికి ఇప్పుడు జీర్ణాశయంలో మూడో వంతే ఉంది. రోజుకు ఆరుసార్లు కొద్దికొద్దిగా తింటారు. ఇడ్లీ ఒకటిన్నర చాలు. మిగిలిన సగం నా ప్లేటులో వేస్తారు.