ట్యాంకు అనే మాట, చెరువు అనే ఏర్పాటు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి వచ్చి ఈనాడు పట్టాలు అందుకుంటున్న వారిలో నీటిపారుదల, రెవెన్యూ, వ్యవసాయ శాఖల్లో చేరబోయేవారికి దస్త్రం తెరిచిన మొదటి రోజే ఎదురయ్యే ఇంగ్లీషు పదాల్లో ‘ట్యాంకు’ ఒకటి. అందరికీ తెలిసిన మాటే కదా అనిపించడం వల్లనే అది ఎక్కువగా అపార్థానికి గురవుతుంది. మేడమీది నీళ్ల తొట్టినో, బండికి పెట్రోలు పట్టే డబ్బానో, యుద్ధరంగంలో నడిచే ఉక్కు శకటాన్నో అది స్ఫురింపజేస్తుంది కాని, నీటిపారుదల రికార్డుల్లో దాని అర్థం చెరువు.

ఇంగ్లీషులో ఈ అర్థం కొత్తగా పుట్టినదేమీ కాదు. నేలలో తవ్విన నీటి నిల్వను సూచించే గుజరాతీ, మరాఠీ పదమొకటి, దానికి తోడు పోర్చుగీసు ‘తాంకె’ కలిసి 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకుల రాతల్లోకి ప్రవేశించాయని నిఘంటుకారులు భావిస్తారు. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ పదకోశంలోనూ దీనికి చోటు దక్కింది. యుద్ధ శకటానికి ఆ పేరు రావడం చాలా తర్వాతి ముచ్చట: రహస్యం పొక్కకుండా నీటి తొట్లు తయారవుతున్నాయని చెప్పిన ఆ వాహనాలు 1916 సెప్టెంబరులో సోమ్ యుద్ధంలో తొలిసారి కదిలాయి.

తొట్టిని దాని సామర్థ్యంతో కొలిస్తే సరిపోతుంది. చెరువు విషయంలో ఆ లెక్క చాలదు. వాన నీటిని మళ్లించి తెచ్చే పరీవాహక ప్రాంతం, నీటిని ఆపే కట్ట, పొలాలకు వదిలే తూము, మిగులు నీరు కట్టను తెంచకుండా పొర్లిపోయే అలుగు, నీరు నిలిచే నేల అయిన శిఖం, తడి అందే ఆయకట్టు, వంతులవారీగా నీళ్లు పారించే నీరటి, ఇవన్నీ కలిస్తేనే చెరువు. పై చెరువు అలుగు దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది కనుక, గొలుసుకట్టులోని ఒక చెరువుకు వచ్చే వాగును పూడ్చితే నష్టం ఆ ఊరితో ఆగదు.

వనపర్తి సంస్థానాధీశుల కాలం నాటి ‘సప్త సముద్రాలు’ అనే చెరువులు ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినవి. శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి ఆలయం చెంతనున్న రంగసముద్రం వాటిలో ఒకటి. భీమా ఎత్తిపోతల పథకంలో అది ‘బ్యాలెన్సింగ్ రిజర్వాయర్’ అయింది. ఎత్తిపోసిన కృష్ణా నీటిని నిలిపి, పంపుల రాబడికీ కాలువల వాడకానికీ నడుమ సమతూకం కుదిర్చే జలాశయమని ఆ మాటకు అర్థం. వాన మీద ఆధారపడిన చెరువు పంపుల మీద ఆధారపడిన జలాశయంగా మారినప్పుడు, పేరుతో పాటు దాన్ని నడిపే చేతులు కూడా మారతాయన్నది నివేదికలలో సాధారణంగా కనిపించని సంగతి. గద్వాల వైపు దస్త్రాల్లో కనిపించే రాజోలిబండ ‘ఆనికట్’ చెరువూ కాదు, అలాంటి జలాశయమూ కాదు. తుంగభద్రకు అడ్డంగా కట్టి నీటిని కాలువలోకి మళ్లించే ఆనకట్ట అది.

2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ పూడికతీతకు, కట్టల బలోపేతానికి పూనుకుంది. ఆ పని ఎంత అవసరమైనా, పూడిక తీసినంత మాత్రాన చెరువు బాగుపడినట్లేనని అనుకోవడం చెరువును తొట్టిగా చూడటమే. నీరు వచ్చే కాలువ మూసుకుపోతే తీసిన పూడికకు ఫలితం దక్కదు.

ఈ అపార్థం వల్ల కలిగే ప్రమాదం అనుమతుల విషయంలో మరింత తీవ్రంగా ఉంటుంది. కరువు ఏడాది ఎండిన శిఖం ఖాళీ జాగాలాగే ఉంటుంది కనుక, నీరు లేని చోట ట్యాంకు లేదని రాసేయడం సులువు. ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండి అలుగు పారబోయే మట్టం, ఆనాటి తడిని బట్టి మారేది కాదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల నుంచి 9 మీటర్లు వదలాలన్నాయి. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తర్వు సైతం కుంట, శిఖం అనే మాటలను అనువదించక యథాతథంగా ఉంచింది.