చూపులేని బాలుని కోసం వెలసిన గానపాఠశాల
(ప్లాటినం జూబ్లీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగం)



మన పాఠశాల పండుగనాడు మరొక విద్యాలయం కథ చెప్పడం కొందరికి వింతగా తోచవచ్చును. అయినా చెబుతాను.

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో 1743లో వర్తకులు పూనుకొని 16 మంది వాద్యకారులతో ఒక బృందాన్ని నెలకొల్పారు. 1781లో అది బట్టల వర్తకుల భవనంలోనికి మారింది. ఆ భవనం పేరే నేటికీ ఆ వాద్యబృందానికి పేరు. పత్తి వ్యాపారం ఎరిగిన రాయచూరు వారికి ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను. తెలుగువారికి అట్టి దీర్ఘాయువు గల సంగీత సంస్థ విజయనగరంలో ఉన్నది. అక్కడ పూనుకొన్నది వర్తకులు కారు, మహారాజు.

చాగంటి జోగారావు గారి కుమారుడు గంగరాజు అంధుడు, సంగీతమందు ఆసక్తి గలవాడు. ఆ బాలుని విద్యకై కలిగిన ఆలోచనే 1919లో విజయరామ గజపతి మహారాజు స్థాపించిన గానపాఠశాలగా రూపొందినదంటారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాలు. విజయదాసుల చీకలపర్వి, జగన్నాథదాసుల మాన్వి మన జిల్లాలోనివే. పాటతో కథతో జనులకు ధర్మం చెప్పే దాసులు మనకు పరాయివారు కారు.

ఉపాధ్యాయురాలిగా నా మనసు నిలిచేది ద్వారం వెంకటస్వామినాయుడు గారి వద్ద. ఆయన 1893లో బెంగుళూరులో జన్మించారు. దృష్టిమాంద్యం వలన బడిచదువు సాగలేదు. అన్నగారే వయొలిన్ నేర్పారు. ఆ పిల్లవాడే 26వ యేట ఆ కళాశాలలో వయొలిన్ ఆచార్యుడైనాడు, 1936లో ప్రిన్సిపాలైనాడు. బడి నిలుపుకోలేని పిల్లవానిని ఒక విద్యాలయం పీట వేసి కూర్చోబెట్టింది! ఘంటసాల గారు కూడా అక్కడ మధూకరం ఎత్తుకొని చదివినవారే; పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి స్వరజ్ఞానం ఇచ్చారు. పి. సుశీల గారూ ఆ గడప తొక్కినవారే.

ఇక ఒక మాట ఒప్పుకోవాలి. ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాల ఒత్తిడిలో వారానికి రెండు సంగీతం పీరియడ్లను గణితానికి మార్చినది నేనే. ఒక్కరూ ఆక్షేపించలేదు, పైగా మెచ్చుకొన్నారు. లెక్కలలో మార్కులు కొంత పెరిగిన మాట నిజమే. కాని లెక్కలు రాక, పాట మాత్రమే వచ్చిన పిల్లలు ఆనాటి నుండి తరగతిలో నోరు మెదపలేదు. హార్మోనియం బీరువా మీద గుడ్డ కప్పుకొని ఉన్నది.

వచ్చే జూన్ నుండి ఆ పీరియడ్లను తిరిగి ఇస్తున్నాము. నేర్పేవారు కావాలి. పూర్వ విద్యార్థులలో పాడగలవారు, వాయించగలవారు ఎవరెవరో నాకు కొంత తెలుసు. సభ ముగియగానే వెళ్ళిపోక, దయచేసి నా గదికి రండి.