నకలు ప్రోగ్రాముల వ్యాపారం – మన యువకులు



ఈనాటి ప్రసంగం కంప్యూటర్ ప్రోగ్రాముల దొంగ నకళ్ళను గురించి. సాఫ్ట్‌వేర్ పైరసీ అని పత్రికలు రాసేది దీన్నే. ఇది పట్నం వాళ్ళ గొడవ, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. హిందూపురంలో రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం దాటాక వచ్చేది యలహంక. పెనుకొండ మీదుగా జాతీయ రహదారిలో బస్సులో వచ్చినా బాగేపల్లి, చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి దాటి బెంగుళూరులో అడుగుపెట్టేది యలహంక వైపు నుంచే. మన సరిహద్దు జిల్లాల పిల్లలు ఎందరో ఆ చుట్టుపక్కల కళాశాలల్లో చదువుకుంటున్నారు. అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ కంప్యూటర్ పనులు నేర్చుకుంటున్నారు. వాటిలో వెబ్ డిజైనింగ్ ఒకటి. నేను చెప్పబోయేది ఆ పిల్లలకు, వాళ్ళను అప్పో సప్పో చేసి పంపిన తల్లిదండ్రులకు, మన ఊళ్ళలోనే కంప్యూటర్ పెట్టుకుని బతుకుతున్న వాళ్ళకు కూడా పనికివస్తుంది.

ముందుగా ఆ వృత్తి సంగతి చెప్పుకుందాం. దుకాణానికి బోర్డు రాసే పెయింటరు, లోపల సరుకు పొందికగా సర్దే గుమాస్తా, డబ్బు తీసుకునే గల్లా దగ్గర కూర్చునే మనిషి, ఈ ముగ్గురి పనికీ ఏర్పాటు చేసేవాడు వెబ్ డిజైనరు. కాకపోతే ఆ దుకాణం ఇంటర్నెట్‌లో ఉంటుంది. కొనేవాడు అమ్మేవాడి ముఖం చూడడు. పేజీ శుభ్రంగా ఉందా, ధర స్పష్టంగా రాసి ఉందా, డబ్బు కట్టే చోటు నమ్మదగినట్టు ఉందా అని మాత్రమే చూస్తాడు. ఆ నమ్మకం డిజైనరు చేతిపని. పని బాగా తెలిసిన కుర్రవాడికి నలుగురిలో మంచి పేరు వస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే ఒక ఆశ కూడా పుడుతుంది. వేలు, లక్షలు ఖరీదు చేసే ప్రోగ్రాముకు నకలు తీసి ఐదు వందలకు అమ్మితే ఎవరికి తెలుస్తుంది? పెట్టుబడి లేదు, గోదాము లేదు, ఎంత అమ్మినా సరుకు తరగదు. ఇంతకన్నా సులువైన వ్యాపారం ఏముంటుంది అనిపిస్తుంది.

ఇది దొంగతనం అని చాలామందికి ఎందుకు తోచదో యలహంకలోనే ఉన్న ఒక కర్మాగారాన్ని తలుచుకుంటే అర్థమవుతుంది. అక్కడ రైలు చక్రాలు, ఇరుసులు తయారు చేసే రైల్వే కర్మాగారం ఉంది. 1984లో ప్రారంభమైంది. అక్కడినుంచి ఎవరైనా ఒక చక్రం ఎత్తుకుపోతే లెక్కలో ఒక చక్రం తగ్గుతుంది. సాయంత్రానికల్లా సంగతి బయటపడుతుంది. ప్రోగ్రాము అలా కాదు. నకలు తీసినా అసలు అక్కడే ఉంటుంది. లెక్కలో ఏదీ తగ్గదు. కనుక తీసినవాడికి దొంగనన్న భావం కలగదు. కానీ ఆ ప్రోగ్రాము వెనుక వందలమంది ఏళ్ళ తరబడి చేసిన పని ఉంటుంది. ఒక్కొక్క నకలు అమ్ముడైనప్పుడల్లా ఆ పనికి రావలసిన కూలి రాకుండా పోతుంది. చట్టం చూసేది ఈ నష్టాన్నే.

ఇలాంటి వ్యాపారం చివరికి ఎక్కడ తేలుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక కేసు చెబుతాను. అక్కడి న్యాయస్థానంలో రుజువై, శిక్ష పడిన కేసు అది. ఫ్లోరిడా రాష్ట్రంలో లేక్‌లాండ్ అనే ఊళ్ళో డానీ ఫెర్రర్ అనే ఆయన ఉండేవాడు. 2002 చివరి నుంచి ఇంటర్నెట్‌లో ఒక దుకాణం నడిపాడు. అడోబీ, ఆటోడెస్క్, మాక్రోమీడియా వంటి కంపెనీల ప్రోగ్రాములను డిస్కుల్లోకి నకలు తీసి, వాటిని తెరవడానికి కావలసిన సీరియల్ నంబరు కూడా జతచేసి, అసలు ధరకన్నా చాలా తక్కువకు పోస్టులో పంపేవాడు. మూడేళ్ళలో 25 లక్షల డాలర్లకు పైగా అమ్మకాలు జరిగాయి. హక్కుదారులకు కలిగిన నష్టం దాదాపు 2 కోట్ల డాలర్లని తేలింది. ఆ డబ్బుతో ఆయన విమానాలు కొన్నాడు, హెలికాప్టరు కొన్నాడు, పడవలు, ఖరీదైన కార్లు కొన్నాడు.

ఆయన ఎలా దొరికాడు? ఎఫ్.బి.ఐ. వాళ్ళు మామూలు కొనుగోలుదారుల్లా డబ్బు కట్టి సరుకు తెప్పించుకున్నారు. పోస్టులో వచ్చిన డిస్కే సాక్ష్యమైంది. 2005 అక్టోబరు 19న ఆ దుకాణాన్ని మూయించారు. 2006 జూన్‌లో ఆయన నేరం ఒప్పుకున్నాడు. ఆగస్టు 25న వర్జీనియాలోని న్యాయస్థానం ఆరేళ్ళ జైలు శిక్ష విధించింది. 41 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమంది. విమానాలు, హెలికాప్టరు, కార్లు అన్నీ జప్తయ్యాయి. ఇంకొక ఆదేశం కూడా ఉంది. ఇలాంటి నేరంలో ఉన్న ప్రమాదాన్ని గురించి 50 గంటలపాటు జనానికి ఉపన్యాసాలు చెప్పాలని కోర్టు ఆజ్ఞాపించింది. తన కథను తానే నలుగురి ముందు నిలబడి చెప్పుకోవలసి వచ్చింది.

అమెరికాలో ఉన్నాడు కాబట్టి దొరికాడు, దూరదేశంలో ఉండి ఉంటే దొరికేవాడా అని మీరు అడగవచ్చు. చైనాలో చెంగ్డు అనే నగరంలో కూర్చుని ఇదే వ్యాపారం చేసిన సియాంగ్ లీ అనే అతనిదీ ఇదే దారి. కారు, విమానం వంటివాటి రూపకల్పనలో వాడే భారీ ప్రోగ్రాములకు తాళం విరగ్గొట్టి, లక్షల డాలర్ల సరుకును వందల డాలర్లకు అమ్మేవాడు. అమెరికా అధికారులు దాదాపు ఏడాదిన్నర పాటు అతని దగ్గర కొంటూనే, పెద్ద వ్యాపారం ఆశ చూపించి, పసిఫిక్ సముద్రంలో తమ అధీనంలో ఉన్న సైపాన్ దీవికి రప్పించారు. 2011 జూన్‌లో అక్కడ అరెస్టు చేశారు. అతను అమ్మిన సరుకు విలువ 10 కోట్ల డాలర్లకు మించింది. 2013లో 12 ఏళ్ళ శిక్ష పడింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తనను ఎవరూ చూడడం లేదనుకుంటుందట. ఇంటర్నెట్‌లో వ్యాపారం చేసేవాడి సంగతీ అంతే. డబ్బు వచ్చిన ఖాతా, ఉత్తరం వెళ్ళిన చిరునామా, పేజీ నడిపిన యంత్రం, అన్నీ అడుగుజాడలే.

ఇక మన దేశం మాటకు వద్దాం. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. 1984లో దాన్ని సవరించి కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా అందులో చేర్చారు. అంటే ఒక గ్రంథానికి ఉన్న రక్షణే ప్రోగ్రాముకూ ఉంది. తెలిసి తెలిసి ఆ హక్కును కాజేసినవాడికి 63వ సెక్షన్ కింద ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మళ్ళీ అదే నేరం చేస్తే కనీస శిక్ష ఏడాది. ఈ 63వ సెక్షన్ నేరంలో పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని, బెయిలు హక్కుగా దొరికే నేరం ఇది కాదని 2022 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ప్రోగ్రాముకు కంపెనీ వేసిన తాళాన్ని హక్కు కాజేసే ఉద్దేశంతో విరగ్గొట్టడం కూడా 2012 సవరణ తరువాత నేరమే. దానికి రెండేళ్ళ వరకు జైలు.

మన తెలుగుగడ్డ మీదనే ఈ విషయం కోర్టుకెక్కింది. ఒక కంపెనీ తక్కువ ధరకు ఇచ్చిన సెల్‌ఫోన్లు ఆ కంపెనీ సర్వీసుకే పనిచేసేలా తయారై ఉండేవి. వాటిలోని అంకెలను మార్చి మరొక కంపెనీ సర్వీసుకు పనిచేయించారని హైదరాబాదులో కేసు నమోదైంది. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసును పూర్తిగా కొట్టివేయడానికి నిరాకరించింది. ఫోనులో ఇమిడి ఉన్నదీ కంప్యూటర్ ప్రోగ్రామేనని, దానికీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. నేరం రుజువైందని చెప్పిన తీర్పు కాదది. కానీ చట్టం చెయ్యి ఎంత దూరం చాస్తుందో అది చూపించింది. ఇక సినిమాల సంగతి మీకు తెలిసిందే. కొత్త తెలుగు సినిమాలను దొంగచాటుగా చూపించే వెబ్‌సైటు నడిపాడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాదు సైబర్ నేరాల పోలీసులు ఒక వ్యక్తిని కూకట్‌పల్లిలో అరెస్టు చేశారు. అక్కడ తేల్చవలసింది న్యాయస్థానం. బెంగుళూరులోనైతే 2001లోనే సైబర్ నేరాల కోసం ప్రత్యేక పోలీసు స్టేషను ఏర్పడింది. దేశంలో అదే మొదటిది.

అమ్మేవాడి గురించి ఇంతవరకు చెప్పాను. కొనేవాడు తప్పించుకుంటాడా అంటే, లేదు. 1995 మే 10 నుంచి అమలులోకి వచ్చిన 63-బి సెక్షన్, దొంగ నకలు అని తెలిసి ఆ ప్రోగ్రామును కంప్యూటరులో వాడినవాడికి కూడా శిక్ష పెట్టింది. కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ళు. జరిమానా మామూలే. లాభం కోసం గాని, వ్యాపారంలో గాని వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో వదిలే అధికారం కోర్టుకు ఉంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు అచ్చుకు సిద్ధం చేసే డి.టి.పి. కేంద్రాల వాళ్ళు, ఫోటో స్టూడియోల వాళ్ళు ఈ మాట గమనించాలి. మీరు చేసేది వ్యాపారం. ఇంట్లో పిల్లవాడు ఆడుకోవడానికి వాడాడన్న సడలింపు మీకు దొరకదు.

చట్టం మాట పక్కన పెట్టినా మరొక నష్టం ఉంది. తాళం విరగ్గొట్టిన ప్రోగ్రాములో ఆ విరగ్గొట్టినవాడు ఇంకేమి దూర్చాడో మనకు తెలియదు. బ్యాంకు రహస్య అంకెలు కాజేసే దొంగ ప్రోగ్రాములు ఈ దారిలోనే వస్తాయి. ఖాతాలో డబ్బు పోయాక, ఎక్కడ కొన్నావు, బిల్లేది అని అడిగితే ఏం చెబుతాం? దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకోవలసిందే.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. నెలకు పది పన్నెండు వేలు తెచ్చుకునే కుర్రవాడు అంత ఖరీదైన ప్రోగ్రాములు ఎలా కొంటాడు? ఈ బాధ నిజమైనదే. 2017లో మన దేశంలో వాడుతున్న సాఫ్ట్‌వేరులో 56 శాతం లైసెన్సు లేనిదేనని సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘమే అంచనా వేసింది. ప్రపంచ సగటు 37 శాతం. అది కంపెనీల లెక్క, కొంత హెచ్చుగా వేసి ఉండవచ్చు. అయినా సగానికి సగం మంది ఈ దారిలో ఉన్నారంటే ధర ఒక కారణమని ఒప్పుకోక తప్పదు.

కానీ దొంగతనం చేయకుండానే ఆ ధర తప్పించుకునే దారి ఉంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టాడు. వాడుకోండి, నకలు తీయండి, మార్చుకోండి, పంచిపెట్టండి అని రచయితలే అనుమతి ఇచ్చిన ప్రోగ్రాములవి. 1991లో లినక్స్ వచ్చి చేరింది. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రె ఆఫీస్, ఫోటోలకు గింప్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్ ఉన్నాయి. వెబ్ డిజైనింగ్ నేర్చుకోవడానికి కావలసినవన్నీ ఇందులో దొరుకుతాయి. తెలుగులో పనిచేసే లినక్స్‌ను స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తయారు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే పేర్లతో తెలుగు అక్షరాలను రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. వీటికి నకలు తీస్తే దొంగతనం కాదు. ఆ పంచిపెట్టడమే వాళ్ళు కోరుకున్నది.

కనుక నా సలహాలు ఇవి. పాత కంప్యూటరు కొన్నా, కొత్తది కొన్నా అందులో ఉన్న ప్రోగ్రాముల లైసెన్సు కాగితం, బిల్లు అడిగి తీసుకోండి. పాతిక వేల సరుకు ఐదు వందలకే అంటే, ఎందుకంత చవక అని ముందు అడగండి. ఖాతాదారుడు వచ్చి, నా దుకాణానికి పేజీ కట్టిస్తూ పనిలోపనిగా ఆ ప్రోగ్రాములు కూడా ఎక్కించు బాబూ అంటే, అది నా పని కాదండీ అని మర్యాదగా చెప్పండి. ఒకసారి ఎక్కించినవాడిని రెండోసారి అమ్మమని అడుగుతారు. తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు జీతానికి మించి డబ్బు పంపుతుంటే సంతోషించే ముందు, ఏ పని చేస్తున్నావు నాయనా అని అడగండి. పాస్‌పోర్టుకు పోలీసు విచారణ ఉంటుంది, సర్కారు ఉద్యోగానికి కేసుల వివరాలు రాయాలి. ఒక్క కేసు ఆ రెండింటికీ అడ్డం రాగలదు.

చివరిగా డిజైనింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీరు రేపు గీయబోయే ప్రతి పేజీ, ప్రతి బొమ్మ కూడా కాపీరైటు సొత్తే. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే మీరు ఆశ్రయించవలసింది ఈ చట్టాన్నే. ఇతరుల ప్రోగ్రాము దొంగిలించి అమ్మడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. యలహంకలో మీకు పని ఇచ్చేవాడు మీ ఊరు, మీ వంశం ఎరగడు. మీ చేతిపనినీ మీ మాటనూ చూసి నమ్ముతాడు. ఆ నమ్మకాన్ని ఐదు వందల రూపాయల డిస్కుకు అమ్ముకోకండి.