రాక్షసులు కారు, మనుషులే
హర్లా శిథిలాలు మన తీరానికి చెబుతున్న మాట

(నెల్లూరులో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చరిత్రకారుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. రిజిస్టర్ల మధ్య బతికినవాడికి ఒక సత్యం మాత్రం బాగా తెలుస్తుంది. కాగితంలో పేరు లేనివాడు కళ్లెదుట నిలుచున్నా లేనివాడి కిందే లెక్క. ఈ సత్యాన్ని ఒక జాతి కథ ద్వారా మీ ముందు ఉంచాలని ఈ రోజు నిలుచున్నాను. ఆ జాతి పేరు హర్లా. వారి దేశం మన నెల్లూరుకు అరేబియా సముద్రం ఆవల, ఆఫ్రికా కొమ్ము అని పిలిచే ప్రాంతంలో ఉంది.

ఇథియోపియా తూర్పు భాగంలో దిరేదావా అనే నగరం ఉంది. దానికి సమీపంలో, హరార్ పట్టణానికి వెళ్లే దిక్కున, హర్లా అనే గ్రామం ఉంది. ఎర్ర సముద్ర తీరానికి సుమారు 120 కిలోమీటర్ల లోపలి భూమి అది. అక్కడి రైతులు పొలం దున్నుతుంటే తరతరాలుగా పూసలు, కుండ పెంకులు, దూరదేశాల నాణేలు బయటపడుతూ వచ్చాయి. పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన గోడల శిథిలాలు నేటికీ కనిపిస్తాయి. ఇంత బరువైన రాళ్లను మామూలు మనుషులు ఎత్తలేరు, కాబట్టి ఇది మహాకాయుల నగరమై ఉంటుందని ఆ గ్రామస్థులు నమ్ముతూ వచ్చారు. హర్లాలు సంపదతో కన్నుమిన్ను గానక గర్వించారనీ, దైవాగ్రహం వల్ల కరువు వచ్చి నశించారనీ మరో గాథ ప్రచారంలో ఉంది. కట్టినవారి పేర్లు మరుగునపడి, కరువూ గర్వమూ మాత్రమే జనం నోట మిగిలాయి.

బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ ఇన్సోల్ నాయకత్వంలో, ఇథియోపియా వారసత్వ పరిరక్షణ శాఖ సహకారంతో, పురావస్తు బృందం అక్కడ తవ్వకాలు జరిపింది. 2017లో ఫలితాలు లోకానికి తెలిశాయి. 12వ శతాబ్దపు మసీదు ఒకటి బయటపడింది. దాని నిర్మాణరీతి టాంజానియా దక్షిణ తీరంలోను, సోమాలీలాండ్‌లోను ఉన్న పాత మసీదులను పోలి ఉంది. అరబీ అక్షరాలు చెక్కిన సమాధి రాళ్లు దొరికాయి. వెండి, కంచు, గాజు, విలువైన రాళ్లతో నగలు చేసిన కర్మశాల ఆనవాళ్లు కనిపించాయి. ఈజిప్టు నుంచి వచ్చిన 13వ శతాబ్దపు నాణేలు, చైనా మట్టిపాత్రల ముక్కలు, సముద్రపు గవ్వలు అక్కడ వెలుగు చూశాయి. సుమారు 300 మందిని ఖననం చేసిన శ్మశానమూ ఉంది. మహాకాయుల కథను ఆ బృందం తోసిపుచ్చింది. అక్కడ బతికినవారు వర్తకులు, కంసాలులు, నమాజు చదివినవారు, పిల్లలకు పూసల దండలు వేసినవారు. అంటే మనవంటివారే.

వారు ఎవరి సంతతి? ఈ ప్రశ్నపై పండితుల మధ్య చర్చ నేటికీ సాగుతోంది. వారి భాష హరార్ పట్టణపు సెమిటిక్ భాషకు బంధువని కొందరి వాదం. సోమాలీ భాషకు చుట్టమని మరికొందరి వాదం. గ్రంథాలు మాత్రం వారిని రెండుచోట్ల స్పష్టంగా పేర్కొన్నాయి. 14వ శతాబ్దంలో ఇథియోపియా చక్రవర్తి అమ్దా సెయోన్ యుద్ధాల వృత్తాంతంలో అతనికి ఎదురు నిలిచినవారిలో హర్లాలు ఉన్నారు. 16వ శతాబ్దంలో ఇమామ్ అహ్మద్ పోరాటాలను వర్ణించిన ‘ఫుతూహుల్ హబషా’లో హర్లా యోధులు సోమాలీ యోధుల పక్కనే కనిపిస్తారు. ఆ యుద్ధాల తరువాత హర్లా అనే జాతి విడిగా కనిపించదు. అంతమాత్రాన వారు నశించారనడం తగదు. చుట్టుపక్కల సోమాలీలలో, ఒరోమోలలో, అఫార్లలో కలిసిపోయారు. నేటికీ సోమాలీలలోని దారోద్ వంశంలో హర్లా పేరుతో ఒక శాఖ ఉంది. పట్టణం మట్టిలో కలిసినా పేరు వంశంలో బతికింది. హర్లాల తరువాత ఆ సీమకు కేంద్రమైన హరార్ పట్టణాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ పట్టణంలో 82 మసీదులు ఉన్నాయి.

నెల్లూరులో కూర్చున్న మనకు ఈ కథతో ఏమి సంబంధమని మీలో ఎవరైనా అడగవచ్చు. మూడు బంధాలు చెబుతాను.

మొదటిది సముద్రం. 14వ శతాబ్దపు తొలినాళ్ల పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, మాబర్ దేశపు పొడవును కొల్లం నుంచి ‘నిలావర్’ దాకా అని కొలిచాడు. ఆ నిలావర్ మన నెల్లూరే. అరబ్బు, పారశీక నావికుల లెక్కలో మన ఊరు ఒక ఎల్లరాయి. వారి ఓడలు గుర్రాలను దింపి, మన బట్టలను, సుగంధ ద్రవ్యాలను ఎత్తుకుపోయేవి. హర్లాకు దారితీసే జైలా రేవును, మాబర్ తీరాన్ని ఒకే జీవితంలో చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా.

రెండవది పూస. హర్లా కర్మశాలలో వాడిన కొన్ని పద్ధతులు ఆనాటి భారతీయ నగల పనివారివని పరిశోధకులు గుర్తించారు. భారతదేశం నుంచి వెళ్లిన పనివారు అక్కడ స్థిరపడి ఉండవచ్చునని వారి ఊహ. మన పక్కనే, శ్రీకాళహస్తి సమీపాన, పాపానాయుడుపేట ఉంది. కరిగిన గాజును కొలిమిలోంచి సన్నని బోలు గొట్టంగా లాగి, తుంచి, పూసలు చేసే ప్రాచీన పద్ధతి మన కాలం దాకా నిలిచిన ఊరు అది. అమెరికా దేశపు పూసల పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ అక్కడికి వచ్చి ఆ పనిని గ్రంథస్థం చేశాడు. ఆ పద్ధతిలో చేసిన పూసలు ఆఫ్రికా తూర్పు తీరం నుంచి ఆగ్నేయాసియా దాకా దొరుకుతాయి. హర్లా పూసలు పాపానాయుడుపేటవే అని నేను అనడం లేదు. ఒక కొలిమి ముందు కూర్చున్న పేరులేని మనిషి చేతిపని సముద్రాలు దాటి, రాజుల శాసనాలకన్న ఎక్కువ కాలం బతికిందని మాత్రమే అంటున్నాను.

మూడవది రక్తం. ఆఫ్రికా కొమ్ము నుంచి బానిసలుగా, సిపాయిలుగా దక్కనుకు వచ్చినవారిని హబ్షీలు, సిద్దీలు అన్నారు. వారిలో మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి ప్రధానియై, మొఘలులను ఎదిరించి, 1626లో మరణించాడు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు వినని తెలుగువాడు లేడు. అందులోని మొదటి రెండు అక్షరాలు నిజాము కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళానివి. హబ్సిగూడ పేరులోనూ వారే ఉన్నారు. రోజూ ఆ పేర్లతో బస్సులెక్కే మనలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

హర్లా గ్రామస్థుల అమాయకత్వానికి నవ్వుకోనవసరం లేదు. తెలుగు నేలమీద పెద్ద బండలతో పేర్చిన ఆదిమ సమాధులను మన పల్లెవాసులు ‘రాకాసి గుళ్లు’ అనే పిలుస్తారు. తమ పూర్వులు తవ్విన గోతులను, ఎత్తిన బండలను రాక్షసులకు అప్పగించారు. రాసిపెట్టేవారు లేనప్పుడు సామాన్యుడి శ్రమ దేవతలకో దయ్యాలకో పోతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట, తీరంలోని ఒక గ్రామంలో పాత ఖబరస్తాన్ గురించి ఒక అర్జీ వచ్చింది. రికార్డు చూసి నివేదిక రాసే పని నాకు అప్పగించారు. పాత రిజిస్టరులో ఆ నంబరు ఎదుట ‘పోరంబోకు’ అని ఉంది. అడంగల్‌లోనూ అదే ఉంది. నేను స్థలానికి వెళ్లాను. ఇసుకలో సగం కూరుకుపోయిన రాళ్లు, కొన్నింటిమీద అరిగిపోయిన అక్షరాలు చూశాను. ఎనభై ఏళ్ల పెద్దాయన ఒకరు నా చేయి పట్టుకుని, ‘బాబూ, మా తాతల తాతలు ఇక్కడ ఉన్నారు’ అన్నాడు. కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. ‘శ్మశానంగా నమోదు లేదు’ అని రాసి సంతకం చేశాను. నేను రాసింది అబద్ధం కాదు. అయినా ఆ అక్షరాలున్న రాళ్ల గురించి ఒక్క వాక్యం చేర్చి ఉండవచ్చు. చేర్చలేదు. కొన్నేళ్లకు అటు వెళితే ఆ రాళ్లలో కొన్ని ఒక కట్టకు మెట్లయి కనిపించాయి. ఆ పెద్దాయన అప్పటికే లేడు. నా నివేదిక మాత్రం నా చేతిరాతతో భద్రంగా ఉంది.

అందుకే ఈ విన్నపం. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. వారిలో ఒకరు ఇంగ్లీషు అధికారి, ఒకరు మనవాడు. ఆ ఓపికలో పదోవంతు మనకు చాలు. ఉదయగిరి కొండమీది మసీదు శాసనాలు పండితుల దృష్టికి వచ్చాయి. ఊరి చివర ఖబరస్తాన్‌లో పడి ఉన్న రాయి దగ్గరికి ఏ పండితుడూ రాడు. ప్రతి జమాఅత్ తన ఖబరస్తాన్ సర్వే నంబరును, నాలుగు సరిహద్దులను ఒక పుస్తకంలో రాయాలి. ప్రతి రాయికీ ఫొటో తీయాలి. అరబీ, ఫార్సీ చదవగలిగిన ఆలిములు ఆ అక్షరాలను తెలుగులో ఎత్తి రాయాలి. ఊరి వృద్ధుల మాటను వారి పేరుతో, తేదీతో నమోదు చేయాలి. ఒక ప్రతి మసీదులో, ఒక ప్రతి వక్ఫ్ కార్యాలయంలో, ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో ఉండాలి. ఇది మన ఒక్కరి పని కాదు. అదే ఊళ్లోని రాకాసి గుడిని, పాత కోనేటిని, పాలెగాడి బురుజును కూడా ఆ పుస్తకంలో చేర్చితే ఊరంతా మనతో నిలుస్తుంది.

భూమిపై సంచరించి పూర్వజాతుల గతిని చూడమని ఖురాన్ మనకు పదేపదే చెబుతుంది. హర్లాల గతి చూశాం. మసీదు కట్టినవారు, నాణెం మార్చినవారు, పూస గుచ్చినవారు కొన్ని శతాబ్దాల్లో మహాకాయులుగా, గర్విష్ఠులుగా మిగిలారు. వారి మట్టిని జల్లెడ పట్టి మళ్లీ మనుషులను చేయడానికి దూరదేశం నుంచి మనుషులు రావలసి వచ్చింది. మన తాతలను మనుషులుగా నిలుపుకోవడానికి ఎవరికోసమో ఎదురుచూడవద్దు. ఒక నోటుపుస్తకం, ఒక కలం, ఒక శుక్రవారపు సాయంత్రం ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆనాడు నేను రాయని ఆ ఒక్క వాక్యాన్ని మీరు రాయండి.