అనపకాయల కాలము

పంచాయతీ సభ్యులారా!

2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్న హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పల్లెలకు బఠాణీ చుట్టము, అనప ఇంటిబిడ్డ. బఠాణీల వంట సులభము: తిరగవాతలో వేసి, నీరు చిలకరించి, మూతపెట్టి మగ్గనిచ్చి, టెంకాయకోరు చల్లిన చాలును. అనపకు ఓపిక కావలెను. పచ్చిగింజలను రాత్రి నానవేసి, ఉదయము తోలు పితికి తీయవలెను. ఈ పని పిల్లలకు ఆట; గింజలు ఇల్లంతయు ఎగురునని తల్లులు కసరుదురు! ఆ పితికిపప్పును టెంకాయ, ధనియాలు, ఎండుమిరప, వెల్లుల్లి నూరిన ముద్దతో ఉడికించినచో రాగిసంగటికి సరిజోడు.

ఒక్క హెచ్చరిక. ఎండిన అనుములలో సహజముగానే కొంత విషాంశము గలదు. వానిని రాత్రియంతయు నానవేసి, ఆ నీరు పారబోసి, మంచినీటిలో మెత్తగా ఉడికింపవలెను. బడిలోగాని అంగన్‌వాడీలోగాని వండించునపుడు సభ్యులు గింజను నొక్కి చూడుడు. ఇంధనము మిగులునని సగముడుకున దింపిన కుండను మేము ఒప్పుకొనజాలము.