వడ్డించు చేయి



ఉగాది సంతర్పణకు ముందు మధుర, కోయంబత్తూరు తెలుగువారలమగు మనకొక మనవి. రైల్వే గుమాస్తాలము గనుక రామేశ్వరము దారిలోని మండపము మాకు పరిచితము. బ్రిటిషువారి కాలమున సింహళపు తేయాకు తోటలకు పోవు కూలీలను అచ్చటి క్యాంపులో కొన్నిదినములు నిలిపి, కలరా లేదని తేలిన పిదపనే ఓడ నెక్కించెడివారు.

నేటి విహారనౌకలలో ప్రయాణికులను, సిబ్బందిని తరచు పీడించునది 1972లో కనుగొనబడిన నోరోవైరస్. వాంతులు, విరేచనములు దాని లక్షణములు. ఒకే వంటశాల, ఒకే భోజనశాల గనుక ఒకరినుండి పలువురకు ప్రాకును. మన సంతర్పణయు అట్టిదే గదా!

దీనికి శానిటైజరు చాలదు. సబ్బు, నీరు వలెను. వాంతులైనవారు, తగ్గిన పిదపను రెండుదినములు వంటకు, వడ్డనకు రారాదు. సేవ తప్పెనని చింతింపవలదు. అట్లు దూరముండుటయే సేవ.

అందరికి ఉగాది శుభాకాంక్షలు.