గోదావరి అళివిలో చేపల ఆహారం

నది సముద్రంలో కలిసేచోట మంచినీరూ ఉప్పునీరూ కలగలిసే ప్రదేశాన్ని అళివి అంటారు. గౌతమీ గోదావరి అళివిని ఆనుకొని ఉన్న కోరింగ మడ అడవుల్లో రాలిన ఆకులను సూక్ష్మజీవులు చివికింపజేయగా ఏర్పడే సేంద్రియ పదార్థమూ, బురదపై పెరిగే నాచూ అక్కడి జలచరాల ఆహారానికి పునాదిగా నిలుస్తాయి.

మల్లెట్ కుటుంబానికి చెందిన కత్తిపరిగ ఈ బురద పైపొరనే నోటితో తీసుకుంటుంది. దానితోపాటు మింగిన ఇసుక, కండ బలిసిన జీర్ణాశయంలో తిరగలి వలె పనిచేసి, డయాటంలనే సూక్ష్మ శైవలాలను నూరుతుంది. సముద్రం నుండి ఏటికి ఎదురీదే పులస, మొప్పల లోపలి దువ్వెన పళ్లవంటి నిర్మాణాలతో ప్లవకాలను, అంటే నీటిలో తేలియాడే సూక్ష్మజీవులను, వడగట్టుకుంటుంది. పండుగప్ప మాత్రం వేటాడే చేప. పిల్ల దశలో చిన్న రొయ్యల వంటివాటిని తిని, పెరిగినకొద్దీ ఇతర చేపల వైపు మళ్లి, మాటువేసి, నోటిని హఠాత్తుగా తెరిచి ఎరను నీటితో సహా లోపలికి లాగుకుంటుంది.

పోటు సమయంలో అనేక చేపలు మేతకోసం మడవేళ్ల మధ్యకు చేరి, నీరు తీసే వేళకు లోతైన కాలువలకు మరలుతాయి. వరదలతో ఉప్పదనమూ, దానితోపాటు దొరికే ఎరా మారుతుంటాయి కనుక, పలు జాతులు ఒకే ఆహారానికి కట్టుబడక, అందినదానితో సరిపెట్టుకుంటాయి. అయినా ఆ ఆహారానికి మూలాధారమైన మడచెట్లు నశిస్తే, ఆ లోటు చేపలకే కాక, వాటిపై బ్రతికే మత్స్యకార కుటుంబాలకూ తప్పదు; అందువల్ల మడ అడవిని కాపాడడమంటే ఆ కుటుంబాల జీవనాధారాన్ని కాపాడడమే.